గట్ల మీద పరుగు

శనివారం పొద్దుటి పరుగుకు దారిని శుక్రవారం రాత్రే ఖరారు చేస్తాను. గాలి ఎటునుంచి వీస్తుందో, పోటు ఏ వేళకు వస్తుందో, వాన పడి ఎన్నాళ్ళయిందో చూసుకున్నాకే గ్రూపులో కబురు పెడతాను. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం దక్షిణపు కొసన పాలో ఆల్టో, మౌంటెన్ వ్యూ, సన్నీవేల్, ఫ్రీమాంట్ ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళ అంచున, నీటి పక్కన సాగే మట్టిగట్ల మీద పరుగు నేర్పడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేవాళ్ళు. నలభై దాటాక డాక్టరు షుగరు గురించి హెచ్చరిస్తే వచ్చినవాళ్ళు కొందరు. జీవితంలో ఒక్కసారైనా హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు పూర్తిచేయాలని వచ్చినవాళ్ళు కొందరు.

కొత్తగా చేరినవాళ్ళ నోట ఒకే మాట వింటుంటాను. "చదునే కదా అన్నా, ఇంకో రెండు మైళ్ళు వేసేద్దాం." నేను ఒప్పుకోను. కొండదారిలో శరీరానికి మార్పు దానంతటదే దొరుకుతుంది. ఎక్కేటప్పుడు పిక్కలు, పిరుదులు ఎక్కువ పనిచేస్తాయి. దిగేటప్పుడు తొడ ముందుభాగం బరువు మోస్తుంది. అడుగు పొడవు మారుతుంది, వేగం తగ్గి పెరుగుతుంది, ఒక కండరం పనిలో ఉంటే ఇంకొకటి కాస్త తేరుకుంటుంది. బల్లపరుపు నేల మీద ఈ వెసులుబాటు ఉండదు. నిమిషానికి 160 అడుగులు వేసే మనిషి గంటలో 9,600 అడుగులు వేస్తాడు. అన్నీ దాదాపు ఒకే పొడవు, ఒకే వాలు. భారమంతా అవే చోట్ల పదేపదే పడుతుంది. మడమ వెనక అకిలిస్ స్నాయువు పట్టేయడం, మోకాలి బయటివైపు నొప్పి, ఈ రెండింటినీ నేను తరచుగా చూస్తాను. రెండూ మెల్లగా ముదురుతాయి. నొప్పి తెలిసేసరికి వారాలు గడిచిపోయి ఉంటాయి.

అందుకే నేల ఇవ్వని మార్పును దారిలో నేనే కలుపుతాను. కొంత దూరం తారు మీద, కొంత కంకర మీద, మధ్యలో రెండేసి నిమిషాలు వేగంగా, మళ్ళీ నెమ్మదిగా. పాలో ఆల్టో వైపు పరిగెత్తే రోజున బిక్స్‌బీ పార్కు గుట్టను తప్పకుండా కలుపుతాను. అది దేవుడు చేసిన గుట్ట కాదు. ఊరి చెత్త పోయగా పోయగా లేచింది. 2011లో చెత్త పోయడం ఆపేశారు. పైన మట్టి కప్పి, గడ్డి పెంచి, కాలిబాటలు వేశారు. పెద్ద ఎత్తేమీ కాదు గానీ, దూరపు పరుగు మధ్యలో రెండుసార్లు ఎక్కి దిగితే కాళ్ళకు కొత్త ప్రాణం వస్తుంది. ఫ్రీమాంట్ వాళ్ళకు ఆ పని కయోటీ హిల్స్ పార్కు చేసిపెడుతుంది. అక్కడ బేవ్యూ ట్రయల్ మూడున్నర మైళ్ళ తారుబాట. కొండల చుట్టూ ఎగుడుదిగుడుగా తిరిగి, బయల్దేరిన చోటికే తెస్తుంది. ఒక పక్క తుంగ పెరిగిన మంచినీటి చిత్తడి, ఇంకో పక్క అఖాతం. ఓలోనీ అనే ఆదివాసులు రెండు వేల ఏళ్ళకు పైబడి అక్కడ బతికారు. వాళ్ళు తిని పారేసిన ఆల్చిప్పల దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి.

చదును నేల కంటిని కూడా అలిసిపోయేలా చేస్తుంది. మౌంటెన్ వ్యూ నుంచి సన్నీవేల్ వైపు పరిగెత్తేవాళ్ళకు మోఫెట్ ఫీల్డు విమానస్థావరంలోని హ్యాంగర్ వన్ కనిపిస్తూనే ఉంటుంది. గాల్లో తేలే ఓడల కోసం 1933లో కట్టిన కొట్టం. దాని నేల ఒక్కటే ఎనిమిది ఎకరాలు. ఎంత పరిగెత్తినా అది దగ్గరికి రాదు. కొత్తవాళ్ళు దాన్నే చూస్తూ పరిగెత్తి, కాళ్ళలో సత్తువ ఉండగానే మనసు జారిపోయి ఆగిపోతారు. దూరపు గుర్తును వదిలేసి దగ్గరి గుర్తు పట్టుకోమంటాను. చిత్తడిని దాటుతూ కరెంటు టవర్లు వరసగా ఉంటాయి. ఈ టవరు దాకా ఒక వేగం, ఆ తర్వాతి టవరు దాకా ఇంకో వేగం. ఇలా పంచుకుంటే అంత దారీ చేతికి అందే ముక్కలవుతుంది.

గాలి సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. గట్టు మీద పరుగంటే సగం గాలితోనే వ్యవహారం. వేసవిలో ఇక్కడి గాలికి ఒక దినచర్య ఉంది. తెల్లవారుజామున గడ్డిపోచ కదలదు. లోపలి లోయలు వేడెక్కేకొద్దీ పసిఫిక్ మీది చల్లగాలి అఖాతంలోకి దూరుతుంది. మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి ఈదురుగాలి మొదలవుతుంది. గట్టు మీద చెట్టు లేదు, గోడ లేదు, పక్కన ఇల్లు లేదు. గాలంతా మనిషికే తగులుతుంది. దీని లెక్క నా శిష్యులకు వేసి చూపిస్తాను, వాళ్ళు లెక్కలకే లొంగుతారు కాబట్టి. గాలి వేసే అడ్డు దాని వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు ఆరు మైళ్ళు పరిగెత్తే మనిషికి పన్నెండు మైళ్ళ ఎదురుగాలి వస్తే, ఒంటికి తగిలే గాలి పద్దెనిమిది మైళ్ళది. గాలి లేని రోజుతో పోలిస్తే మూడు రెట్లు. అడ్డు తొమ్మిది రెట్లు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది కదా, లెక్క సరిపోతుంది అనుకుంటారు. సరిపోదు. వెనకగాలి తిరిగి ఇచ్చేది, ఎదురుగాలి తీసుకున్నదాంట్లో నాలుగో వంతే.

అందువల్ల సాయంత్రపు పరుగును ఎప్పుడూ గాలికి ఎదురుగా మొదలుపెట్టిస్తాను. కాళ్ళు తాజాగా ఉన్నప్పుడే కష్టం అయిపోవాలి. మోఫెట్ ఫీల్డు వెనక గట్టు మీద 2010లో బాట తెరిచాక మౌంటెన్ వ్యూకీ సన్నీవేల్‌కీ నీటి పక్కనుంచే దారి కలిసింది. ఆ దారి ఇంచుమించు ఆగ్నేయానికి పోతుంది. మౌంటెన్ వ్యూలో మొదలుపెడితే పోయేటప్పుడు గాలి వెనక ఉంటుంది, హాయిగా రెక్కలొచ్చినట్టు పోతారు, అలసిపోయాక ఎదురుగాలిలో తిరిగి రావాలి. అదే సన్నీవేల్‌లో మొదలుపెడితే అంతా తలకిందులవుతుంది. బాట అదే, దూరం అదే, బయల్దేరే చోటు మార్చినందుకు మనిషి నవ్వుతూ ఇంటికి వెళ్తాడు. ఫ్రీమాంట్‌లోని అలమేడా క్రీక్ బాటకు ఈ గుణం పుట్టుకతోనే ఉంది. నైల్స్ దగ్గర మొదలై పన్నెండు మైళ్ళు పడమటికి, అఖాతం దాకా పోతుంది. నైల్స్ అంటే 1915లో చార్లీ చాప్లిన్ సినిమాలు తీసిన ఊరే. వాగుకు దక్షిణపు గట్టున తారుబాట, ఉత్తరపు గట్టున మట్టిబాట. పోయేటప్పుడు గాలి ముఖాన, వచ్చేటప్పుడు వీపున. సాయంత్రం పూట మొదటిసారి పదిమైళ్ళు పరిగెత్తేవాళ్ళను నేను అక్కడికే తీసుకెళ్తాను.

గాలి బలంగా ఉంటే ఒకరి వెనక ఒకరిని వరసగా పెడతాను. ముందున్న మనిషి కాసేపటికి పక్కకు తప్పుకుని వరస చివరికి చేరతాడు, రెండోవాడు ముందుకొస్తాడు. ఎవరూ పూర్తిగా అలిసిపోరు. ఆఫీసులో ఒకరితో ఒకరు పోటీపడేవాళ్ళు ఇక్కడ ఒకరికొకరు గాలి కాస్తారు. ఈ వృత్తిలో నాకు అన్నింటికన్నా నచ్చే దృశ్యం అది.

మట్టి గురించి కొంచెం. ఈ గట్లు అఖాతం అడుగునుంచి తోడిన జిగట బంకమట్టితో పోసినవి. వానలు ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా. తడిసిన గట్టు మీద నాలుగడుగులు వేస్తే బూటు కింద ఇంకో బూటు తయారవుతుంది. కాలు జారడం సరే, అసలు నష్టం తర్వాత ఉంది. తడిమట్టిలో దిగబడిన అడుగులు ఎండాక రాయిలా గట్టిపడి, మళ్ళీ వాన పడేదాకా అలాగే ఉంటాయి. ఆ గుంటల్లో ఎవరెవరి చీలమండలో మెలికపడతాయి. అందుకే వాన వెలిసిన రెండు రోజుల దాకా కంకర పరవని గట్టు ఎక్కనివ్వను. నేల ఉడతలు కూడా గట్టు వాలుల్లో బొరియలు తవ్వుతాయి. ఆ బొరియల్లోనే నేల గుడ్లగూబలు కాపురం పెడతాయి కాబట్టి ఉడతల మీద నాకు ఫిర్యాదు లేదు. అంచు వదిలేసి బాట నడుమ పరిగెత్తితే చాలు. గట్ల మీద నీడ లేదు, తాగునీళ్ళు లేవు. ఎవరి నీళ్ళు వాళ్ళే మోసుకోవాలి. నీరు తగ్గినప్పుడు వచ్చే కుళ్ళిన గుడ్డు వాసన మురుగుది కాదు. గాలి అందని బురదలో బతికే బాక్టీరియా వదిలే వాయువు అది. ఆ బురదలోని పురుగులూ నత్తలే ఇన్ని వేల పక్షుల తిండి.

నేను పుట్టి పెరిగింది చినగంజాం దగ్గర, ఉప్పు మడుల మధ్య. ఈ గట్లు మొదటిసారి చూసినప్పుడు నాకు పరాయిగా అనిపించలేదు. ఇవీ ఉప్పు మడుల గట్లే. మన దగ్గర ఒక వేసవిలో ఉప్పు పండుతుంది. ఇక్కడ అఖాతపు నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్ళిస్తూ, ఎండబెడుతూ, ఉప్పు తేలడానికి దాదాపు అయిదేళ్ళు పట్టేది. నీరు చిక్కబడేకొద్దీ అందులో బతికే నాచు, సూక్ష్మజీవులు మారి, రంగు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు తిరుగుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో విమానం దిగేవాళ్ళు కిటికీలోంచి చూసి ఆశ్చర్యపోయే ఎర్రమడులు అవే. 2003లో ఉప్పు కంపెనీ కార్గిల్ నుంచి ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు కలిసి దక్షిణ అఖాతంలో 15,100 ఎకరాల మడులు కొన్నాయి. అప్పటినుంచి ఒక్కో గట్టుకు గండి కొట్టి, పోటునీటిని లోపలికి రానిచ్చి, పాత చిత్తడిని మళ్ళీ పుట్టిస్తున్నారు. నేను ఒకప్పుడు పరుగు పెట్టించిన గట్లు కొన్ని ఇప్పుడు తెగి ఉన్నాయి. ఆ దారులు పోయినందుకు నాకు బాధ లేదు. ఎండిన మడిలో మొదట బురద పేరుకుంటుంది, తర్వాత గడ్డి మొలుస్తుంది, గడ్డి వెంట పక్షులొస్తాయి. పరుగుకు ఇంకో గట్టు దొరుకుతుంది, వాటికి ఇంకో చిత్తడి దొరకదు.

ఈ నేల ఊరికే మిగల్లేదని నా దగ్గర చేరిన ప్రతివాళ్ళకూ చెబుతాను. అఖాతాన్ని పూడ్చి ఊళ్ళు కట్టే పథకాలు జోరుగా ఉన్న రోజుల్లో, 1961లో బర్కిలీకి చెందిన ముగ్గురు ఆడవాళ్ళు కే కెర్, సిల్వియా మెక్‌లాఫ్లిన్, ఎస్తర్ గులిక్ 'సేవ్ ది బే' ఉద్యమం మొదలుపెట్టారు. అడ్డూ అదుపూ లేని పూడికను ఆపడానికి 1965లో చట్టం వచ్చింది. పాలో ఆల్టోలో లూసీ ఎవాన్స్ అనే ఆవిడ ఈ చిత్తడి కోసం ఎంత పట్టుబట్టిందంటే ఊరివాళ్ళు ఆమెను 'బేలాండ్స్ లూసీ' అనేవారు. అక్కడి ప్రకృతి కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. 1972లో అమెరికా చట్టసభ చేసిన చట్టంతో నగరాల మధ్య వెలిసిన తొలి జాతీయ వన్యప్రాణి శరణాలయాల్లో ఒకటి ఇక్కడ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు డాన్ ఎడ్వర్డ్స్ శరణాలయం, విస్తీర్ణం దాదాపు 30,000 ఎకరాలు. పక్కనే చాలా ఖరీదైన నేలలు ఉన్నాయి. గజం భూమికి ఇంత ధర పలికే చోట ఇన్ని వేల ఎకరాలు ఉప్పుగడ్డికీ పక్షులకూ వదిలారంటే, అందులో పరిగెత్తే మనిషి ఎంత ఒద్దికగా ఉండాలో ఆలోచించండి.

ఒద్దిక అనే మాటను నేను దారులు గీయడంలోనే చూపించగలను. చిత్తడిలో కోడంత పక్షి ఒకటుంది, రిడ్జ్‌వేస్ రెయిల్. ఇంకొకటి పది గ్రాముల ఎలుక, ఉప్పునీళ్ళు తాగి బతకగలది. ప్రపంచంలో ఈ అఖాతం పరిసరాల్లో తప్ప ఆ ఎలుక ఇంకెక్కడా లేదు. రెండూ అంతరించే ప్రమాదంలో ఉన్నవే. మామూలు రోజుల్లో గడ్డిలో దాగి ఉంటాయి, ఎవరికీ కనబడవు. డిసెంబరు, జనవరి అమావాస్య పౌర్ణములకు ఏడాదిలోకెల్లా పెద్ద పోట్లు వస్తాయి. భూమి సూర్యుడికి దగ్గరగా ఉండే కాలం అది. అఖాతం ముఖద్వారమైన గోల్డెన్ గేట్ దగ్గరకన్నా ఈ దక్షిణపు కొసలో నీరు ఇంకా ఎత్తు లేస్తుంది. అది కూడా పగటిపూట, సరిగ్గా మనం పరుగుకు వచ్చే వేళల్లో. అప్పుడు గడ్డి మొత్తం మునిగిపోతుంది. దాక్కోవడానికి ఆ పక్షికీ ఎలుకకూ మిగిలేది గట్టు వాలు ఒక్కటే. పైన గద్దలు తిరుగుతుంటాయి, అంచున కొంగలు కాచుకుని ఉంటాయి. ఆ సమయంలో ఇరవైమంది దబదబా పరిగెత్తుకుంటూ వస్తే అవి గట్టు వదిలి నీళ్ళలోకి దిగాలి, లేదా గద్ద నోట పడాలి. కాబట్టి ఆ రోజుల్లో చిత్తడి అంచు దారులు నా పట్టికలో ఉండవు. స్టీవెన్స్ క్రీక్ వెంట ఊరిలోపలి బాటకు అందరినీ మళ్ళిస్తాను. అక్కడ చెట్లు, వంతెనలు ఉంటాయి. పరుగుకు లోటేమీ రాదు.

వసంతం నుంచి వేసవి దాకా ఇంకో రకం జాగ్రత్త. స్నోయీ ప్లోవర్ అనే చిన్న పిట్ట ఎండిన ఉప్పునేల మీదే గుడ్లు పెడుతుంది. గూడంటూ కట్టదు, ఒక చిన్న గుంట, అంతే. మార్చి నుంచి సెప్టెంబరు దాకా దాని పొదుగు కాలం. పొడుగు కాళ్ళ ఎవోసెట్లు, స్టిల్టులు కూడా బట్టనేల మీదే గుడ్లు పెడతాయి. మనిషి దగ్గరికి వస్తే కేకలు వేస్తూ తల మీదికి వస్తాయి, లేదా రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ మనల్ని పక్కదారి పట్టిస్తాయి. అవి గూడు వదిలి ఈ తంటా పడుతున్నంతసేపూ గుడ్లు ఎండకు మాడుతుంటాయి, సీగల్స్ వాటి మీద కన్నేసి ఉంటాయి. కేక వినబడగానే వెనక్కి తిరగాలి, ఫోటో కోసం ఆగకూడదు. ఇది నా దగ్గర కచ్చితమైన నియమం. శరణాలయం నేల మీద డబ్బు తీసుకుని శిక్షణ ఇచ్చేవాళ్ళు ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ పత్రం చేతిలో ఉన్నా సరే, నేను గుంపును నలుగురైదుగురి జట్లుగా విడదీసి, మధ్యలో ఎడం ఉంచి పంపుతాను. స్పీకర్ల పాటలు ఉండవు.

ఈ జట్ల మధ్య ఎడం ఎంతుండాలో నాకు నేర్పింది ఒక పెద్దావిడ. సూళ్ళూరుపేట వైపు నుంచి కొడుకు దగ్గరికి ఆరు నెలలకు వచ్చారు. కొడుకు పరిగెత్తుతుంటే ఆవిడ గట్టు మీద నడిచేవారు. వేసవి చివర్లో ఒకరోజు చార్లెస్టన్ స్లూ అనే నీటిపాయ దగ్గర తెల్లటి పెద్ద పక్షులు వరసగా ఈదుతూ చేపల్ని ఒకమూలకు తోలుతుంటే చూసి, "ఇవి మా నేలపట్టు గూడబాతులేనా బాబూ?" అని అడిగారు. అవి వేరే జాతి గూడబాతులమ్మా, లోపలి సరస్సుల్లో పిల్లల్ని చేసుకుని ఇక్కడికి మేతకు వస్తాయి అని చెప్పాను. ఆవిడ అక్కడే కూర్చుని చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచి, "మీవాళ్ళు మొదటి జట్టు పోయినప్పుడు అవి తల తిప్పి చూసి ఊరుకున్నాయి. అవి సర్దుకునేలోపే రెండో జట్టు మూల తిరిగింది, అప్పుడు లేచిపోయాయి" అన్నారు. ఎన్నో ఏళ్ళుగా పులికాట్ ఒడ్డున పక్షుల్ని చూసిన కన్ను అది. ఇప్పుడు ఆ మూల దగ్గర అందరం నడుస్తాం. పక్షులు మళ్ళీ మేత మొదలుపెట్టాకే రెండో జట్టును వదులుతాను. పరుగుకు దీనివల్ల మేలే జరిగింది. దూరపు పరుగు మధ్యలో ఆ కాసేపు నడక వల్ల పిక్కలు సడలి, చివరి మైళ్ళు అందరూ నిబ్బరంగా పరిగెత్తుతున్నారు. ఆవిడ తర్వాత ఇంకా చాలామంది అమ్మానాన్నలు పిల్లలతోపాటు గట్టుకు రావడం మొదలుపెట్టారు. వాళ్ళకోసం ప్రతి శనివారం పొట్టి నడకదారి ఒకటి విడిగా గీస్తాను.

ఇటువైపు వచ్చే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. గోల్డెన్ గేట్ వంతెన చూస్తారు, యూనివర్సిటీలు చూస్తారు, పెద్ద కంపెనీల బోర్డుల దగ్గర ఫోటోలు దిగుతారు. ఒక పొద్దున ఈ గట్ల మీదికీ రండి. పరిగెత్తలేకపోతే నడవండి. వేసవిలో అయితే తొమ్మిదిలోపు ముగించండి, నీళ్ళు వెంట తెచ్చుకోండి. బయల్దేరే ముందు పోటు వేళలు చూసుకోండి. కుక్కల్ని రానివ్వని బాటలు చాలా ఉన్నాయి, బోర్డు చదవండి. మార్చి నుంచి సెప్టెంబరు మధ్య ఎక్కడైనా గేటు మూసి ఉంటే దాటకండి. అక్కడికి దగ్గర్లోనే ఇంకో దారి తెరిచి ఉంటుంది, అటు వెళ్ళండి.